జావాద్వీపపు అగ్నిపర్వతములు: నేను తెచ్చిన ఛాయాచిత్రములు



ఛాయాచిత్రములు చూచుటకు గాని వినుటకు గావు. అట్టి చిత్రములను గుఱించి రేడియోలో ప్రసంగింపబూనుట సాహసమని నే నెఱుగుదును. కాని క్రిందటి యేట నేను జావాద్వీపమునుండి తెచ్చిన చిత్రములను మా ఊరివారికి చూపినప్పుడు నాకొక సంగతి బోధపడినది. చిత్రము కన్నులయెదుట నున్నంతసేపు మనుష్యుడు ఆశ్చర్యపడి ఊరకుండును. అందులో కనబడని దానిని గుఱించి యెవరైన ప్రశ్న వేసినప్పుడే తెలిసికొనుట మొదలగును. కావున నాలుగు చిత్రములను, ఆ చిత్రములలో పడని సంగతులను నేడు మీకు విన్నవించెదను.

నేను ముప్పదినాలుగు సంవత్సరములు ఉన్నత పాఠశాలలలో తెలుగు పండితుడనుగా పనిచేసి విశ్రాంతి గొన్నవాడను. మాది గోదావరి పాయల నడుమ నొక లంకగ్రామము. మా రెండవ అల్లుడు ఉద్యోగరీత్యా జావాద్వీపమున సురబయ పట్టణమునందు ఉండుటచేత, గత సంవత్సరము ఆషాఢమాసమున నే నచ్చటికి పోయి నెలదినము లుంటిని. అప్పుడు మనకు వానలు, వారికి ఎండలు. దేశము చూచుట కనువైన కాలము. కుమార్తెయు, అల్లుడును, పదునాలుగేండ్ల మనుమడును నన్ను వెంటబెట్టుకొని మూడు అగ్నిపర్వతములు చూపిరి. చిత్రములన్నియు మనుమడు తన సెల్‌ఫోనుతో తీసినవే. తిరిగివచ్చిన పిదప మా రామాలయపు గోడకు తెల్లని పంచె కట్టి, బడినుండి తెచ్చిన ప్రొజెక్టరుతో ఒక రాత్రి వానిని ఊరివారికి చూపితిని. నలుబదిమంది వఱకు వచ్చిరి.

మొదటి చిత్రము బ్రోమో పర్వతము. సురబయనుండి మోటారుమీద నాలుగు గంటల ప్రయాణము. కొండ అంచుననే యున్న యొక పల్లెలో రాత్రి నిద్రించి, తెల్లవాఱుజామున మూడుగంటలకు జీపెక్కి, ఎదుటనున్న పెనంజాకన్ అను మెట్టకు చేరితిమి. మన పుష్యమాసపు చలి ఆ చలిముందు వేసవివంటిది. తూర్పు తెల్లబడగానే క్రింద నొక మహాపాత్రవంటి పల్లము కనబడెను. దాని వెడల్పు సుమారు పది కిలోమీటర్లు. పూర్వ మచ్చట నున్న పెద్ద అగ్నిపర్వతము ప్రేలి, లోపలి ద్రవమంతయు బయటికి పోగా, పైకప్పు క్రుంగి ఆ పల్లమేర్పడినది. దాని అడుగునంతయు బూడిదరంగు ఇసుక. ఆ దేశస్థులు దానిని ఇసుకసముద్రమని పిలుతురు. ఆ ఇసుక నడుమ, మడతలు పెట్టిన చీరకుచ్చెళ్లవంటి అంచులతో బాతోక్ అను కొండ. దాని ప్రక్కను తలవిఱిగిన కుండవలె బ్రోమో, నోటినుండి తెల్లని పొగ విడుచుచు. వెనుకదిక్కున 3,676 మీటర్ల ఎత్తుగల సెమేరు. జావాలో అంతకంటె ఎత్తైన శిఖరము లేదు. అదియు కొంతసేపున కొకమాఱు పొగ నెగజిమ్ముచుండెను.

ఈ పేర్లు మీ చెవులకు పరిచితములుగ తోచవచ్చును. బ్రోమో యనగా బ్రహ్మ. సెమేరు అనగా సుమేరువు. నిలుకడలేక కదలుచున్న జావాద్వీపమును స్థిరపఱచుటకై దేవతలు మేరుపర్వతమును తెచ్చి యచ్చట నాటిరని ఆ దేశపు పురాణకథ. బ్రోమో చుట్టునున్న కొండపల్లెలలో తెంగ్గెర్ అను జాతివారు నివసించుచున్నారు. ద్వీపవాసులలో అధికసంఖ్యాకులు మహమ్మదీయులైనను వీరు నేటికిని హిందువులు. ఇసుకసముద్రములో, కొండ పాదమున, వారి దేవాలయము కలదు. సంతానము లేని యొక దంపతులు ఈ కొండకు మ్రొక్కి యిరువదియైదుగురు బిడ్డలను కని, కడగొట్టువానిని కొండకే అర్పింపవలసి వచ్చెనని వారి గాథ. దానికి గుర్తుగా ఏటేట కసాద అను మాసమున పున్నమి దినములలో కొండనోటిలోనికి ధాన్యము, కూరగాయలు, కోళ్లు, మేకలు అర్పింతురు. లోపలి వాలున కొందఱు వలలు పట్టుకొని నిలిచి, ఆ వస్తువులను పట్టుకొందురు. కొండకిచ్చినది తీసికొనుట తప్పుగా వారెంచరు.

ఆ ఇసుకను దాటి, మెట్లెక్కి, బ్రోమో అంచున నిలిచి లోనికి తొంగిచూచితిని. చిత్రములో పొగ కనబడును. ఆ పొగతో వచ్చు శబ్దము, కొలిమితిత్తి ఎడతెగక ఊదుచున్నట్టి శబ్దము, చిత్రములో లేదు. మురిగిన గ్రుడ్డువంటి వాసనయు లేదు. గుండెలలో కలుగు వణకు అసలే లేదు.

చిత్రము చూచినవారిలో నాకు వరుసకు బాబాయి యగు వృద్ధు డొకడుండెను. ఎనుబదియేండ్లు దాటినవాడు. ఆయన గట్టిగా నడిగెను: "ఒరే అబ్బాయీ, ఎప్పుడు పేలుతుందో తెలియని కొండ కింద ఆ జనం ఎందుకుంటార్రా?"

ఆ ప్రశ్నకు సమాధానము చెప్పవలెనన్న, ముందు కొండ యేల ప్రేలునో చెప్పవలెను. అగ్నిపర్వత మనగా కట్టెలవలె మండుచున్న కొండ యని చాలమంది తలంతురు. అది మంట గాదు. భూమి లోపల మిక్కిలి లోతున వేడిమికి ఱాయి కరగి పాకమగును. ఆ పాకము పైకి వచ్చు త్రోవయే అగ్నిపర్వతము. ఱాయి అంతట కరగదు. మన మీద నడచు ఈ భూమి పైపెంకు ఏకఖండము గాదు. కొన్ని మహాఫలకములుగ నున్నది. జావాకు దక్షిణమున సముద్రగర్భములో, దక్షిణమునుండి వచ్చు ఫలకము ద్వీపమును మోయు ఫలకము క్రిందికి దూఱుచున్నది. దాని వేగము ఏడాదికి 6, 7 సెంటీమీటర్లు. అనగా మూడేండ్లకొక జానెడు. అట్లు దిగిన ఫలకము సముద్రజలమును తనలో పీల్చుకొని దిగును. సుమారు నూఱు కిలోమీటర్ల లోతున, ఒత్తిడికిని వేడికిని ఆ నీరు బయటబడి పైనున్న కాగిన ఱాతిలో కలియును. ఐసుగడ్డపై ఉప్పు చల్లినచో త్వరగా కరగుట మీరెఱుగుదురు. అట్లే నీరు సోకిన ఱాయి త్వరగా కరగును. కరగినది చుట్టునున్న ఱాతికంటె తేలిక గనుక పైకి తేలును.

ఆ ద్రవములో నీటియావిరియు ఇతర వాయువులును అణగియుండును. గోలీసోడాకాయను తలంచుకొనుడు. గోలీ బిగిసియున్నంతసేపు లోపల నీరు నిశ్చలముగ నుండును. గోలీని నొక్కగానే నురుగు చిమ్మును. కొండలోను అంతే. పైమూత బలహీనమైనప్పుడు లోపలి వాయువు బుడగలై పొంగి, ద్రవమును తనతో చిమ్మును.

మఱి కొన్ని కొండలు ప్రేలుటయు, కొన్ని మెల్లగా ద్రవమును పాఱించుటయు ఏల? బెల్లము వండినవారికి ఈ సంగతి చెప్పనక్కఱలేదు. లేతపాకములో బుడగలు సులభముగా పైకి వచ్చి విడిపోవును. పాకము పళ్లెమంతయు పాఱును. ముదురుపాకములో బుడగ చిక్కుకొని ఉబ్బి ఉబ్బి, తుదకు తుప్పున చిమ్మి చేయి కాల్చును. జావాకొండలలోనిది ఎక్కువగా ముదురుపాకము. అందుచేతనే అవి ప్రేలును. ఇండొనీషియా దేశమునందు జీవించియున్న అగ్నిపర్వతములు సుమారు 130 కలవు. ఆ వరుసయే ఉత్తరముగ సాగి మన అండమాను సముద్రమునకు వచ్చును. అచ్చటి బ్యారెన్ దీవి మన దేశములో జీవించియున్న అగ్నిపర్వతము. 1787లో అది పొగ చిమ్ముట చూచినవారు వ్రాసియుంచిరి. చిరకాలము నిద్రించి 1991లో మరల రేగినది.

లేతపాకము సంగతి మన నేలయే చెప్పును. రాజమహేంద్రవరమునకు పడమరగ గౌరీపట్టణము, పంగిడి ప్రాంతములలో నల్లరాతి క్వారీలు మీలో చాలమంది చూచియుందురు. మన రోడ్లకు కంకర యచ్చటినుండియే వచ్చును. ఆ నల్లరాయి యొకప్పుడు నిప్పుటేఱు. సుమారు 6 కోట్ల 60 లక్షల సంవత్సరముల క్రిందట దక్కను పీఠభూమిలో భూమి నెఱ్ఱెలు విచ్చి, లేతపాకమువంటి శిలాద్రవము లక్షలకొలది చదరపు కిలోమీటర్లు కప్పినది. పడమటినుండి వేయి కిలోమీటర్లు పాఱివచ్చి చల్లాఱిన ద్రవమే మన రాజమహేంద్రవరపు నల్లరాయి యని భూగర్భశాస్త్రజ్ఞుల నిర్ణయము. తెలంగాణమున తాండూరు, ఆదిలాబాదు వైపుల నున్న నల్లరేగడి ఆ ఱాయి చివికి ఏర్పడిన మట్టియే.

ముదురుపాకము గుర్తును మన దేశమునందే కలదు. సుమత్రాద్వీపమున తోబా అను అగ్నిపర్వతము సుమారు 74,000 ఏండ్ల క్రిందట ప్రేలినది. ఆ బూడిద గాలివెంట సముద్రము దాటి మన దేశముపై కురిసెను. నేటి నంద్యాల జిల్లాలోని జ్వాలాపురమువద్ద ఆ బూడిద పొరలు నేటికిని నేలలో కనబడును. శాస్త్రజ్ఞులు త్రవ్వి చూడగా, ఆ పొర క్రిందను, పైనను గూడ ఆదిమానవుల రాతిపనిముట్లు దొరకినవి. బూడిద కురియకముందును, కురిసిన పిమ్మటను అచ్చట మనుష్యులు బ్రతికిరన్నమాట.

ఇక మా బాబాయి ప్రశ్నకు వత్తును. బూడిద మొదట కురిసినప్పుడు పైరు చచ్చును; ఇంటికప్పు కూలును; చెఱువు పూడును. కాని కొన్నియేండ్లు ఎండకును వానకును చివికిన పిమ్మట అదియే సారవంతమైన మన్నగును. పొటాషు, సున్నము, భాస్వరము మున్నగు పైరులకు వలయు ధాతువులు దానిలో నుండును. మన మెరువుల సంచులలో కొనితెచ్చు పదార్థములను కొన్నింటిని కొండయే వారి పొలముల చల్లును. బ్రోమో వాలులమీద తెంగ్గెర్ వారు నిలువున జాఱిపడునట్టి చోట్ల బంగాళదుంపలు, కోసుకూర, ఉల్లి పండించుచున్నారు. క్రింద మైదానములో వరి. మన ఆంధ్రరాష్ట్రముకంటె విస్తీర్ణమున చిన్నదైన ఆ జావాద్వీపములో పదునైదు కోట్లకు మించిన జనులు జీవించుచున్నారు. అంతమందికి కూడుపెట్టు నేల యూరక రాలేదు.

ఈ మాటలు చెప్పి, "బాబాయీ, మనం ఈ లంకలో ఎందుకుంటున్నాం?" అని నేనడిగితిని. ఆయన కొంతసేపు మాటలాడలేదు. తరువాత, "ఒండ్రు కోసమేరా. వరద తెచ్చిన మట్టి తింటున్నాం గదా" అనెను. కూర్చున్నవారందఱును తల లూపిరి. ఆ తరువాత జావావారు వెఱ్ఱివారని మా ఊర నెవరును అనలేదు.

రెండవ చిత్రము ఈజెన్ కొండమీది సరస్సు. ఇది జావాకు తూర్పుకొసను, బాలిద్వీపమున కెదురుగ నున్నది. కొండనోటిలోనే సుమారు ఒక కిలోమీటరు వెడల్పున నీరు నిలిచి, పచ్చదనము కలిసిన నీలవర్ణమున, రత్నమును కరగించి పోసినట్లుండును. అందఱును మెచ్చిన చిత్ర మిదియే. ఒక తల్లి, "ఎంత చల్లగా ఉంటాయో ఆ నీళ్లు" అనెను. అవి నీళ్లుగావు, మోటారుబండి బ్యాటరీలో పోయు ఆమ్లమువలె తీక్ష్ణమైనవి. క్రిందినుండి వచ్చు గంధకపు వాయువులును ఇతర వాయువులును కలిసి నీటి నట్లు మార్చినవి. ఇంత పెద్ద ఆమ్లసరస్సు లోకమున మఱియొకటి లేదందురు. చీకటిలో ఆ సరస్సు ఒడ్డున నీలిమంటలు కనబడును. గంధకపు వాయువు బయటి గాలి తగులగానే అంటుకొని మండుటయే దానికి కారణము. నా మనుమడును, అల్లుడును లోనికి దిగి వానిని చూచి వచ్చిరి. నేను పై అంచుననే నిలిచితిని.

కొండ మొదలినుండి అంచునకు మూడు కిలోమీటర్ల ఎక్కుడు. నా మోకాళ్లు సహకరింపనందున నన్ను రెండుచక్రముల తోపుడుబండిలో కూర్చుండబెట్టి ముగ్గురు మనుష్యులు ముందు లాగుచు, వెనుక త్రోయుచు పైకి చేర్చిరి. వారొకప్పుడు గంధకము మోసినవారే. ఇప్పుడు చూడవచ్చినవారిని మోయుచున్నారు.

మూడవ చిత్రము ఆ గంధకమును మోయు కూలివానిది. సరస్సు ఒడ్డున కొండచీలికలకు గొట్టములు అమర్చి, వాయువును వాని ద్వారా పోనిత్తురు. అది చల్లబడి ఎఱ్ఱని ద్రవముగ కాఱి, తరువాత పసుపుపచ్చగ గడ్డకట్టును. ఆ గడ్డలను ఇనుపగునపములతో పగులగొట్టి, రెండు వెదురుబుట్టలలో నింపి, కావడిగ భుజమున కెత్తుకొని నిలువెత్తు ఱాళ్లత్రోవను పైకెక్కుదురు. ఒక్కొక్క కావడి 70 మొదలు 90 కిలోల బరువు. మన ధాన్యపుబస్తా యొకటి యనుకొనుడు. పొగ తమవైపు తిరిగినప్పుడు తడిగుడ్డను పండ్లతో కఱచి ఊపిరి బిగబట్టుదురు. ఆ గంధకము చక్కెర తెల్లబఱచుటకును, రబ్బరు పదును చేయుటకును, అగ్గిపుల్లలకును వాడుదురు.

నేను అంచున నిలిచియుండగా నొక కూలివాడు కావడితో పైకి వచ్చెను. నా యల్లుడు వారి భాషలో బొమ్మ తీసికొనవచ్చునా యని యడుగగా నవ్వి యొప్పుకొనెను. మంచుతెర అడ్డుపడుటచేత మనుమడు మూడుమాఱులు తీయవలసివచ్చెను. కొంత సొమ్మిచ్చితిమి. అతడు నమస్కరించి పోయెను. ఆ చిత్రము చక్కగా వచ్చినది. వెనుక నీలిసరస్సు, ముందు పసుపుబుట్టలు, నడుమ నవ్వుమొగము. దానిని చూపునప్పుడు నేను కొంత గర్వపడితిని కూడ.

మా ఊరిలో ధాన్యపు మిల్లున నలుబదియేండ్లు బస్తాలు మోసిన వృద్ధుడొకడు వెనుక గోడ కానుకొని చూచుచుండెను. అతడు లేచి తెఱ దగ్గఱకు వచ్చి, ఆ మనుష్యుని భుజమును వ్రేలితో చూపి, "పంతులుగారూ, ఈ కాయ చూశారా?" అనెను. అప్పుడు చూచితిని. భుజముమీద కావడిబద్ద ఆనుచోట నిమ్మపండంత కాయ కాచియున్నది. అతడు తన కండువ తొలగించి తన మెడవెనుక నున్న కాయను చూపెను. పిదప మెల్లగా నిట్లనెను: "నడుస్తుంటే బరువు సగం కాళ్లు మోస్తాయండి. నిలబెడితే అంతా భుజమే మోయాలి. దించమని చెప్పి తీయవలసింది."

నాకు మాట రాలేదు. ముప్పదినాలుగేండ్లు పిల్లలకు దయను గుఱించి పద్యములు చెప్పితిని. మూడుమాఱులు బొమ్మ తీయువఱకు ఆ మనుష్యుని భుజమున బస్తాబరువు నిలబెట్టియుంచితి నని నా కానాడు తోచలేదు. చిత్రములో నున్న కాయను, చిత్రము తెచ్చిన నేను చూడలేదు. బరువెఱిగినవాడు చూచెను. యాత్రలకు పోవు మీ బిడ్డలకు ఈ యొక్కమాట చెప్పుడు: ఎవరి బొమ్మయైన తీయునప్పుడు ముందు వాని బరువు దింపనిండు.

నాలుగవ చిత్రము ఒక గోడగడియారము. ఈజెన్‌నుండి సురబయకు మరలి, అచ్చటినుండి రైలులో మధ్యజావాలోని యోగ్యకర్త నగరమునకు పోయితిమి. ఆ నగరమునకు ఉత్తరమున మేరాపి పర్వతమున్నది. జావాకొండలలో మాటిమాటికి రేగునది యిదియే. దాని వాలున నొక యింటిని, 2010లో కాలినది కాలినట్లుగ, చూడవచ్చినవారికొఱకు ఉంచినారు. కరగి వంగిన సీసాలు, పశువుల యెముకలు, ఆ యెముకల ప్రక్కను ఆ గడియారము. దాని చుట్టుగట్టు కరగి జాఱియున్నది. ముండ్లు అంటుకొని నిలిచియున్నవి. 2010 నవంబరు 5వ తేదీ అర్ధరాత్రి దాటిన పిమ్మట వచ్చిన వేడిమేఘములో అది నిలిచినది.

వేడిమేఘ మనగా ఏమి? ముదురుపాకము కొండనోట గడ్డగా పెరిగి కూలినప్పుడు, బూడిదయు, కాలిన ఱాళ్లును, వాయువును కలిసి, వందలకొలది డిగ్రీల వేడితో, గంటకు నూఱు కిలోమీటర్లకు మించిన వేగముతో వాలువెంట దిగును. దూరమునుండి చూడ ఉంగరపు బొచ్చుగల గొఱ్ఱెలమంద కొండ దిగుచున్నట్లుండును. అందుచేత జావావారు దానిని బొచ్చుగొఱ్ఱె యనియే పిలుతురు. దాని ముందు పరుగెత్తి తప్పించుకొనుట మనుష్యునకు సాధ్యము గాదు. ముందుగ కదలుటయే త్రోవ.

మనకు ధవళేశ్వరమువద్ద మూడు ప్రమాదహెచ్చరికలున్నట్లే, వారి కొండలకు నాలుగు మెట్ల హెచ్చరిక లున్నవి. 2010 అక్టోబరు 25న శాస్త్రజ్ఞులు మేరాపికి కడపటిమెట్టు ప్రకటించి ఊళ్లు విడువుమనిరి. మఱునాడే కొండ రేగినది. నవంబరు 5న అంతకంటె ఘోరముగ రేగినది. మూడులక్షలకు మించి జనులను తరలించిరి. 350 మందికి మించి మరణించిరి. ముందుగ కదలకున్నచో వేలకొలది మరణించియుందురని తరువాత లెక్కగట్టిరి.

మరణించినవారిలో మ్బాహ్ మరిజాన్ అను పెద్ద యొకడు. ఎనుబదిమూడేండ్లవాడు. యోగ్యకర్త సుల్తాను నియమింపగా మేరాపికొండకు సంరక్షకుడై, కొండకు జరుగు అర్పణల నడపువాడు. జనులు దైవమువలె నమ్మినవాడు. 2006లో కొండ రేగినప్పుడును ఊరు విడువుమనిరి, ఆయన విడువలేదు, బ్రతికెను. 2010లోను విడువలేదు. అక్టోబరు 26 సాయంకాలము వేడిమేఘము ఆయన యింటిమీదుగ పోయెను. ఆయనను చూచి ఆగినవారు కొందఱును పోయిరి. ఆయనను నిందించుటకు నేనీ మాట చెప్పుటలేదు. తనకప్పగించిన కొండను విడిచిపోరాదన్నది ఆయన ధర్మము. కాని ఒకమాఱు తప్పిన యాపద రెండవమాఱును తప్పునని తక్కినవారు లెక్కవేసికొనిరి. కొండకు ఆ లెక్క తెలియదు.

గడియారపు చిత్రము తెఱమీద పడగానే మా రామాలయములో నిశ్శబ్దమయ్యెను. నేనేమియు చెప్పకుండనే ఎవరో "ఎనభైయాఱు" అనిరి.

1986 ఆగష్టు నాటికి నేను క్రొత్తగా ఉద్యోగములో చేరిన యువకుడను. 1953లో వచ్చిన గోదావరి మా పెదతండ్రిగారి అరుగు దాటలేదు. పడవ వచ్చినప్పుడు ఆయన అరుగుమీద కూర్చుండి ఆ మాటయే చెప్పెను. ఎద్దులను విడిచి రాననెను. మేము ఆడువారిని, పిల్లలను ఎక్కించుకొని పోయితిమి. మరల వచ్చుటకు ప్రవాహము పడవను రానీయలేదు. ఆ యేడు ధవళేశ్వరమువద్ద సెకనుకు 35 లక్షల ఘనపుటడుగులకు మించిన నీరు పాఱినది. మట్టిగోడలు రాత్రి కూలినవి. నాలుగవనాడు ఆయన శరీరము క్రిందిలంక తుమ్మలలో దొరకెను. ఎద్దులు రెండును ఈది ఏటిగట్టు చేరినవి; ఆయన పలుపులు విప్పియుంచెను. ఆయన ఛాయాచిత్ర మొక్కటియు మా యింట లేదు.

మేరాపివద్ద జనులు అదే పనికై, పశువులకు మేత వేయుటకై, శిబిరములనుండి మరల ఊళ్లకు పోవుచుండిరి. అందుకని అచ్చటి ప్రభుత్వము పశువులనే కొనుటకు పూనుకొనెను. పశువునకు త్రోవ చూపిననే రైతు కాలు కదలునని వారు గ్రహించిరి. ఈ సంగతి నాకు ఆ నాలుగు చిత్రములకంటె విలువైనదిగ తోచినది.

2022 జూలైలో ధవళేశ్వరమువద్ద మూడవ హెచ్చరిక మట్టమగు 17.75 అడుగులు దాటి గోదావరి వచ్చినప్పుడు మా ఊరివారు ముందుగనే గట్టెక్కిరి. ఒకరిద్దఱు వృద్ధులు మాత్రము "ఎనభైయాఱంత రాదు" అని కూర్చుండిరి. వారిని బ్రతిమాలి తేవలసివచ్చెను. ఒకప్పుడు యాబదిమూడంత రాదనిరి. ఇప్పుడు ఎనుబదియాఱంత రాదనుచున్నారు. జ్ఞాపకముంచుకొనుట మంచిదే. కాని మన జ్ఞాపకము నీటిమట్టమునకు కట్ట గాదు.

చిత్రప్రదర్శన ముగిసిన పిదప ఆ రాత్రియే మేము పదిమందిమి కూర్చుండి యొక యేర్పాటు చేసికొంటిమి. మొదటి హెచ్చరిక రాగానే పశువులను గట్టుమీదికి తోలవలెను. ఏ యింటి పశువుల నెవరు తోలవలెనో, అచ్చట గడ్డి యెవరు చేర్చవలెనో పేరుపేరున వ్రాసి, ఆ కాగితమును రామాలయపు గోడకు అంటించితిమి. ఎనుబదియేండ్ల మా బాబాయి తన పేరును పశువులతో పోవువారిలో వ్రాయించుకొనెను. అట్లైనచో తన్ను బ్రతిమాల నక్కఱలేదనెను.

నిప్పుకొండ క్రింద నుండుట తప్పుగాదు. ఏటినడుమ నుండుటయు తప్పుగాదు. అన్నము పెట్టు నేలను మనుష్యు డెట్లు విడుచును? పొమ్మన్నప్పుడు పోయి, నీరు తీసినప్పుడు తిరిగివచ్చుట ఆ నేలకు ద్రోహము గాదు. మీ గ్రామము ఏటియొడ్డున గాని, సముద్రతీరమున గాని యున్నచో, మీరును అట్టి కాగిత మొకటి వ్రాసికొందురని నా ప్రార్థన. ఇక సెలవు.